మందుమొక్కల మీద ప్రాజెక్టులు చేయించే గైడ్లకు ఒక బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోని ఫార్మసీ, బోటనీ, బయోకెమిస్ట్రీ విభాగాల మాస్టర్లకు, మేడమ్‌లకు నమస్కారాలు.

నేను మీ దగ్గర చదువుకున్నదాన్నే. ఎం.ఫార్మసీ అయ్యాక మూలికా మందులు తయారుచేసే ఒక కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో చేరాను. లారీలోంచి బస్తాలు దిగగానే శాంపిల్ తీసి, బస్తా మీద రాసిన పేరూ లోపలున్న సరుకూ ఒకటేనా అని చూడటం నా పని. ఈమధ్య కొత్తగా ఉద్యోగానికి వచ్చే పిల్లల్ని ఇంటర్వ్యూ చేసే బాధ్యత కూడా నాకే ఇచ్చారు. ఈ ఉత్తరం రాయాలనిపించింది ఆ ఇంటర్వ్యూల వల్లే.

"మీ ప్రాజెక్టు దేని మీద?" అని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే మూస. ఫలానా మొక్క ఆకులు, మిథనాల్ ఎక్స్‌ట్రాక్ట్ (మిథనాల్ అనే ద్రావకంలో తీసిన సారం), దాని యాంటీఆక్సిడెంట్ యాక్టివిటీ. మొక్క పేరు ఒక్కటే మారుతుంది. ఫలితం ఏమొచ్చిందంటే "మంచి యాక్టివిటీ వచ్చింది మేడమ్" అంటారు. రాలేదని చెప్పినవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు. ఆ తర్వాత రెండు వాచ్‌గ్లాసుల్లో రెండు పొడులు పెట్టి, మైక్రోస్కోపు చూపించి, వీటిలో తిప్పతీగ ఏదో చెప్పమంటాను. అక్కడ ఆగిపోతారు. తెలివి లేక కాదు, ఆ పని ఎవరూ చేయించలేదు కాబట్టి.

నా విన్నపం ముందే చెప్పేస్తాను. వచ్చే బ్యాచ్‌కి టాపిక్కులు ఇచ్చేటప్పుడు, యాంటీఆక్సిడెంట్ గుణం చూసే డీపీపీహెచ్ పరీక్షతో మొదలై దానితోనే ముగిసే ప్రాజెక్టు ఒక్కటి కూడా ఇవ్వకండి. ఎం.ఫార్మ్ చివరి రెండు సెమిస్టర్లు, బి.ఫార్మ్ చివరి సెమిస్టర్, పీహెచ్‌డీ వాళ్ల ఏళ్లకు ఏళ్లు కలిపితే మన రెండు రాష్ట్రాల్లో ఎంత మనిషి శ్రమ అవుతుందో మీరే చూసుకోండి. అదంతా ముందే జవాబు తెలిసిన ప్రశ్నకు పోతోంది.

ఆ పరీక్ష సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఈ ఉత్తరం తల్లిదండ్రులూ విలేకరులూ కూడా చదవాలని నా ఆశ, అందుకని క్లుప్తంగా రాస్తున్నాను. డీపీపీహెచ్ ముదురు ఊదారంగులో ఉండే రసాయనం. దాని అణువులో జంట లేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది. ఇలాంటివాటినే ఫ్రీ రాడికల్స్ అంటారు, వాటిని శాంతపరిచే పదార్థమే యాంటీఆక్సిడెంట్. దాన్ని మిథనాల్‌లో కరిగించి, మొక్క ఎక్స్‌ట్రాక్ట్ కలిపి, చీకట్లో అరగంట ఉంచుతారు. ఎక్స్‌ట్రాక్ట్‌లో హైడ్రోజన్ ఇవ్వగలిగే పదార్థాలుంటే ఊదారంగు పోయి పసుపుపచ్చ వస్తుంది. 517 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసి, సగం డీపీపీహెచ్ రంగు పోవడానికి ఎంత ఎక్స్‌ట్రాక్ట్ పట్టిందో లెక్కగడితే అదే ఐసీ50. పక్కన పోలికకు విటమిన్ సి. బ్లోయిస్ అనే ఆయన 1958లో ఈ పద్ధతి ప్రకటించాడు. చౌక, తేలిక, పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి అయిపోతుంది.

మొక్క కదలలేదు. ఎండొచ్చినా, పురుగు పట్టినా, బూజు కమ్మినా ఉన్నచోటే తట్టుకోవాలి. ఆ రక్షణ కోసం ఫీనాల్స్, ఫ్లేవనాయిడ్స్, టానిన్స్ తయారుచేసుకుంటుంది. అందువల్ల ఏ ఆకు తెచ్చినా, ఏ బెరడు దంచినా డీపీపీహెచ్ రంగు మారుతుంది. ఉల్లిపొట్టు వేయండి, వేరుశనగ గింజ మీది ఎర్రపొర వేయండి, చింతగింజ పైతోలు వేయండి, తాగి పారేసిన టీపొడి వేయండి, ఫలితం దివ్యంగా వస్తుంది. మందుమొక్కకూ మామూలు మొక్కకూ తేడా చెప్పలేని పరీక్షతో మందుమొక్కను మెచ్చుకోవడం ఏంటో నాకు అర్థం కాదు.

సరే, టెస్ట్‌ట్యూబులో రంగు మారింది. ఒంట్లో ఏమవుతుంది? మనం తిన్న పాలీఫీనాల్స్‌లో, అంటే పైన చెప్పిన ఫీనాల్స్ కుటుంబపు పదార్థాల్లో, పేగు గోడ దాటి రక్తంలోకి వచ్చేది చాలా తక్కువ. వచ్చినదాన్ని కూడా పేగూ కాలేయమూ వెంటనే గ్లూకురోనైడ్లు, సల్ఫేట్లు అనే వేరే రూపాల్లోకి మార్చేస్తాయి, ఎక్కువభాగం గంటల్లో మూత్రంలో పోతుంది. రక్తంలో వాటి మోతాదు సాధారణంగా ఒకటి రెండు మైక్రోమోలార్ దాటదు. అదే రక్తంలో మన సొంత యూరిక్ ఆమ్లం వందల మైక్రోమోలార్లలో ఉంటుంది, అదీ యాంటీఆక్సిడెంటే. అమెరికాలోని లైనస్ పాలింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో లోటిటో, ఫ్రై అనే ఇద్దరు 2004లో ఒక చక్కని పని చేశారు. ఆపిల్ తింటే రక్తపు యాంటీఆక్సిడెంట్ శక్తి పెరుగుతుందని అందరూ అంటున్నారు కదా, ఎందుకు పెరుగుతోందో చూద్దామనుకున్నారు. తీరా చూస్తే కారణం ఆపిల్‌లోని ఫ్లేవనాయిడ్లు కాదు, అందులోని ఫ్రక్టోజ్ చక్కెర వల్ల యూరిక్ ఆమ్లం పెరగడం! ఎం.ఫార్మ్ విద్యార్థికి చూపించాల్సింది ఇలాంటి పేపర్. "ఎందుకు" అని ఒక్క మెట్టు కిందికి దిగితే కథ మొత్తం తిరగబడింది.

అమెరికా వ్యవసాయ శాఖ కొన్నేళ్లపాటు ఓరాక్ పేరుతో ఆహారపదార్థాల యాంటీఆక్సిడెంట్ విలువల పట్టిక నడిపింది. 2012లో దాన్ని తీసేసింది. ఆ అంకెలకూ మనిషి ఆరోగ్యానికీ సంబంధం ఉన్నట్టు ఆధారం లేదని, కంపెనీలు వాటిని అమ్మకాల కోసం వాడుకుంటున్నాయని చెప్పి మరీ తీసేసింది. మన థీసిస్‌ల ముందుమాటల్లో మాత్రం ఆ వార్త ఇంకా చేరలేదు.

మనుషుల మీద చేసిన పెద్ద ట్రయల్స్ సంగతి ఇంకా బాధాకరం. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద బీటా కెరోటిన్, విటమిన్ ఇ పరీక్షించి 1994లో ఫలితాలు ప్రకటించారు. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అమెరికాలో కారెట్ అనే ట్రయల్‌నైతే 1996లో గడువుకు ముందే ఆపేయాల్సి వచ్చింది, అక్కడ పెరుగుదల 28 శాతం. ప్రోస్టేట్ క్యాన్సర్‌ను ఆపుతుందేమోనని ఇచ్చిన విటమిన్ ఇ ఆ క్యాన్సర్‌నే 17 శాతం పెంచిందని 2011లో తేలింది. ఫ్రీ రాడికల్ అంటే చెడ్డది, దాన్ని తుడిచేస్తే మేలు అన్న లెక్క అంత తిన్నగా నడవలేదు. నడవకపోవడానికి కారణాలున్నాయి. తెల్లరక్తకణాలు క్రిముల్ని చంపేది ఆ ఆక్సిజన్ రాడికల్స్‌తోనే. వ్యాయామం చేసినప్పుడు కండరంలో పుట్టే రాడికల్సే ఇన్సులిన్ బాగా పనిచేయడానికి సంకేతాలిస్తాయని, విటమిన్ సి, ఇ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఆ లాభం కనిపించలేదని 2009లో జర్మనీలో చూపించారు. కూరగాయల్లోని కొన్ని పదార్థాలు మేలు చేస్తున్నది రాడికల్స్‌ని పట్టుకోవడం వల్ల కాదని, కణాన్ని కాస్త చికాకుపెట్టి దాని సొంత రక్షణను లేపడం వల్లనని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు.

ఇంకో మాట. సంప్రదాయ వైద్యం నుంచి ప్రపంచానికి దక్కిన గొప్ప మందుల్లో ఆర్టిమిసినిన్ ఒకటి. చైనాలో తూ యూయూ పాత వైద్యగ్రంథంలో ఆ మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగాలన్న మాట చదివి, మరగబెట్టడం వల్లే మందు చెడిపోతోందేమోనని తక్కువ వేడిలో ఈథర్‌తో తీసింది. 2015లో నోబెల్ వచ్చింది. ఆ మందు మలేరియా క్రిమిని ఎలా చంపుతుంది? క్రిమిలోని ఇనుము తగలగానే ఫ్రీ రాడికల్స్‌ని పుట్టించి! యాంటీఆక్సిడెంట్ కోసమే వెతికే ల్యాబ్‌కి అది ఎప్పటికీ దొరికేది కాదు. మన పెరట్లో పూసే బిళ్ల గన్నేరు సంగతీ అంతే. షుగర్‌కి వాడతారని విని 1950ల్లో కెనడాలో నోబుల్, బీర్ పరీక్షిస్తే షుగర్ తగ్గలేదు, ఎలుకల్లో తెల్లరక్తకణాలు పడిపోయాయి. ఆ ఊహించని ఫలితాన్ని వదిలేయకుండా పట్టుకున్నారు కాబట్టే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు వచ్చింది. సర్పగంధ రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి డాక్టర్ రుస్తుం జల్ వకీల్ 1949లో ప్రపంచానికి చెప్పింది రోగుల్ని చూసి, బీపీ కొలిచి.

ఇవన్నీ మీకు తెలిసినవే కావచ్చు. నన్ను నిజంగా కుదిపింది తిప్పతీగ వ్యవహారం.

కరోనా రోజుల్లో ఇంటింటా తిప్పతీగ కషాయం మరిగింది. గోడ మీద పాకిన తీగ కోసుకొచ్చినవాళ్లు కొందరు, మాత్రలు కొన్నవాళ్లు కొందరు. 2020 చివర్లో ముంబైలో కాలేయ వైద్యులు ఆరుగురు రోగుల్ని గమనించి 2021లో ప్రచురించారు. అందరూ తిప్పతీగ వాడినవాళ్లే, అందరికీ కాలేయం దెబ్బతింది, ఒకరు చనిపోయారు. వాళ్లలో కొందరికి అంతకుముందే థైరాయిడ్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నాయి. మరుసటేడు దేశంలోని 13 కేంద్రాల నుంచి 43 మంది వివరాలతో ఇంకో పేపర్ వచ్చింది. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. అసలైన తిప్పతీగ, అంటే టైనోస్పోరా కార్డిఫోలియా, క్షేమమేనని, రోగులు వాడింది దానిలాగే కనిపించే టైనోస్పోరా క్రిస్పా కావచ్చునని అంది. క్రిస్పా కాండం మీద బుడిపెలుంటాయి, కార్డిఫోలియాకు ఉండవు అని గుర్తులు కూడా చెప్పింది.

రెండు పక్షాల వాదనా పత్రికల్లో చదివాను. ఆ వాదన ఎక్కడ తేలాలి? తీగ చేతిలో ఉంటే బుడిపెలు చూసి చెప్పొచ్చు. పొడైపోయాక, మాత్రయ్యాక బుడిపెలు ఎక్కడుంటాయి? అప్పుడు కావాల్సింది పౌడర్ మైక్రోస్కోపీ, రసాయనాల్ని మచ్చలుగా విడదీసి చూపే టీఎల్‌సీ ప్లేటు, క్రిస్పాలో ఉండే బోరాపెటోసైడ్ లాంటి గుర్తు రసాయనాల కోసం వెతుకులాట. మన ఊళ్ల మార్కెట్లలో తిప్పతీగ పేరుతో అమ్ముతున్నదాంట్లో ఏ జాతి ఎంత ఉందో చెప్పే సర్వే జిల్లాకొకటి చొప్పున మన కాలేజీల్లో ఉండుంటే, దేశం మొత్తం మన వైపు చూసేది. తిప్పతీగ యాంటీఆక్సిడెంట్ అని చెప్పే ప్రాజెక్టులు మాత్రం మన లైబ్రరీల్లో దుమ్ము పట్టేన్ని ఉన్నాయి. వాటిలో ఏదీ ఆ రోజు ఒక్క రోగికీ, ఒక్క డాక్టరుకీ, ఆఖరికి తిప్పతీగ తరఫున వాదించినవాళ్లకీ పనికిరాలేదు.

నా బల్ల మీదికి వచ్చే సరుకు గురించి రెండు మాటలు. అశోక బెరడు అని వచ్చే బస్తాలో నరమామిడి బెరడు ఉండటం మా రంగంలో పాత కథ. రోడ్ల పక్కన నిటారుగా పెరిగే నరమామిడినే మనవాళ్లు చాలాచోట్ల అశోక చెట్టు అంటారు, అదో తలనొప్పి. నేల ఉసిరి మరీ చిక్కు. దక్షిణాది మార్కెట్లలో కొన్న నమూనాల్ని బెంగళూరు పరిశోధకులు డీఎన్‌ఏతో పరీక్షిస్తే సుమారు నాలుగో వంతులో అసలైన నేల ఉసిరి ఫిల్లాంథస్ అమారస్‌కు బదులు దాని అన్నదమ్ములైన వేరే జాతులు కనిపించాయి. కలుపు ఏరినట్టు కట్టలు కట్టి తెచ్చే కూలీకి ఆ తేడా తెలియదు, కొట్టువాడికి అక్కర్లేదు.

నేల ఉసిరికే ఇంకో చరిత్ర ఉంది. 1988లో మద్రాసు నుంచి త్యాగరాజన్ బృందం, హెపటైటిస్ బి క్రిమిని కనుగొన్న బ్లంబర్గ్‌తో కలిసి, లాన్సెట్‌లో ఒక ఫలితం ప్రకటించింది. నేల ఉసిరి తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో హెపటైటిస్ బి యాంటిజెన్ (క్రిమి ఉందని చూపే గుర్తు) పోయిందని, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయిందని. పెద్ద సంచలనం. తర్వాత మిగతాచోట్ల చేసిన ట్రయల్స్‌లో అది నిలబడలేదు. మొక్క జాతి వేరా, పెరిగిన నేల వేరా, కోసిన కాలం వేరా, లేక మొదటి ఫలితమే పొరపాటా అని చాలా చర్చ జరిగింది. చూశారా, ఇక్కడ కూడా మొదటి ప్రశ్న "ఇది ఏ మొక్క?" అనే.

పచ్చకామెర్లకు పసరు పోసే ఊళ్లు మనకు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లను వెక్కిరించడం నాకు ఇష్టం లేదు. హెపటైటిస్ ఎ, ఇ వల్ల వచ్చే కామెర్లు ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. కాబట్టి పసరు పోసినా తగ్గుతాయి, పోయకపోయినా తగ్గుతాయి. పసరు వల్ల త్వరగా తగ్గాయా, ఎవరికైనా ముదిరిందా అన్నది ఎవరో ఒకరు కూర్చుని రాసిపెట్టాలి. పసరు పోసే చోటికి వెళ్లి, ఎథిక్స్ కమిటీ అనుమతితో, వచ్చినవాళ్ల బిలిరుబిన్ (కామెర్లు ఎంతున్నాయో చెప్పే రక్తపరీక్ష) రిపోర్టులు వాళ్ల ఒప్పుదలతో తీసుకుని, నెలాగి మళ్లీ పలకరించడం ఒక ఫార్మ్.డి విద్యార్థి చేయలేని పనేం కాదు. అది డీపీపీహెచ్ రీడింగ్ తీసే ఏ యూవీ మెషీన్ ముందు కూర్చున్నా దొరకని సమాచారం.

దీనికి బదులు మనం చేస్తున్నది ఎలుకలకు కార్బన్ టెట్రాక్లోరైడ్ ఎక్కించి కాలేయం పాడుచేసి, ఎక్స్‌ట్రాక్ట్ కిలో బరువుకు 200, 400 మిల్లీగ్రాముల చొప్పున పట్టి, కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ తగ్గాయని గ్రాఫు గీయడం. ఒక్కసారి ఆ 400ని మనిషికి మార్చి చూద్దాం. ఎలుక మోతాదును సుమారు 6.2తో భాగిస్తారు కదా, కిలోకి 65 మిల్లీగ్రాములు వస్తుంది. 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 4 గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్. వంద గ్రాముల ఎండు ఆకుకి పది గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్ దిగుతుందనుకుంటే, రోజూ 40 గ్రాముల ఎండు పొడి మింగాలి. నేలవేము పొడి ఒక చిటికెడు నాలుక మీద వేసుకున్నవాళ్లకు ఆ 40 గ్రాముల మాట ఎంత హాస్యమో తెలుస్తుంది. ఈ లెక్క ఎన్ని థీసిస్‌ల చివర కనిపిస్తుంది?

మిథనాల్ గురించి కూడా అడగాలి. మన అమ్మమ్మలు, వైద్యులు మొక్కను నీళ్లలో వేసి నాలుగో వంతు మిగిలేదాకా మరిగించారు, లేదా పాలలో కాచారు, నేతిలో పక్వం చేశారు, తేనెతో నాకించారు. ఏ ఒక్కరూ మిథనాల్‌లో నానబెట్టలేదు. సాక్స్‌లెట్ అనే సారం తీసే పరికరంలో మిథనాల్ పోస్తే ఎక్స్‌ట్రాక్ట్ బాగా దిగుతుంది, ఫీనాల్స్ ఎక్కువొస్తాయి, ఐసీ50 అందంగా కనిపిస్తుంది, నిజమే. అయితే ఆ ఫలితాన్ని ముందుపెట్టి "ఈ మొక్క సంప్రదాయ వాడకాన్ని మా పరిశోధన సమర్థిస్తోంది" అని ముగింపు రాయడం ఎలా కుదురుతుంది? కషాయంలో ఏముందో చూడని మనిషికి కషాయం గురించి మాట్లాడే హక్కు ఎక్కడిది?

పసుపు ఈ తేడాను బాగా చూపిస్తుంది. దుగ్గిరాల, నిజామాబాద్ మార్కెట్లు మనవి, జాతీయ పసుపు బోర్డు కూడా 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. పసుపులో కర్క్యుమిన్ మామూలుగా మూడు శాతం అటూఇటూ. కూరలో వేసుకున్నదాంట్లోంచి రక్తంలోకి వచ్చేది అత్యల్పం. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో మిరియాల్లోని పిపెరిన్ కలిపి ఇస్తే మనుషుల్లో కర్క్యుమిన్ లభ్యత ఇరవై రెట్లు పెరిగిందని చూపించారు. దాంతో ప్రపంచమంతా 95 శాతం కర్క్యుమిన్, దానికి తోడు పిపెరిన్ కలిపిన క్యాప్సూల్స్ పుట్టుకొచ్చాయి. 2022లో అమెరికాలోని కాలేయ హాని పరిశోధన బృందం పసుపు సప్లిమెంట్ల వల్ల కాలేయం దెబ్బతిన్న పది కేసులు ప్రచురించింది, ఒకరు చనిపోయారు. పది మందిలో ఏడుగురికి రోగనిరోధక శక్తికి సంబంధించిన హెచ్‌ఎల్‌ఏ జన్యువు ఒకే రకంది ఉంది. వంటింటి పసుపు వేరు, ఆ క్యాప్సూల్ వేరు. "వేల ఏళ్లుగా వాడుతున్నాం కాబట్టి క్షేమం" అనే మాట మొదటిదానికి వర్తిస్తుంది, రెండోదానికి వర్తించదు. మన దగ్గర ఆ క్యాప్సూల్స్ కౌంటర్ మీద దొరుకుతున్నాయి. వాటి మీద రాసినంత కర్క్యుమిన్ ఉందా అని చూసిన ప్రాజెక్టు ఒక్కటైనా ఉంటే చదవాలని ఉంది.

"అమ్మా, మా దగ్గర ఉన్నది యూవీ మెషీన్ ఒక్కటే. బయట ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ (రసాయనాల్ని విడదీసి కొలిచే ఖరీదైన పరీక్ష) చేయించాలంటే పిల్లలు ఎక్కడ తెస్తారు డబ్బు?" అని మీలో కొందరు అంటారని నాకు తెలుసు, నా గైడ్ గారూ అదే అన్నారు. ఆ ఇబ్బంది నిజమైనది. కానీ నేను అడుగుతున్నవాటికి హెచ్‌పీఎల్‌సీ అవసరం చాలావరకు లేదు. మొదటి సంవత్సరం నుంచీ కాలేజీలో ఉన్న మైక్రోస్కోపు చాలు. క్లోరల్ హైడ్రేట్‌లో వేడిచేసి పొడిని తేటపరచడం, ఫ్లోరోగ్లూసినాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి లిగ్నిన్ ఎర్రబడటం చూడటం, అయోడిన్‌తో పిండిరేణువులు, పత్రరంధ్రాల ఆకారం, ఆకు నూగు, కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఇవన్నీ మీరే మాకు నేర్పారు. ప్రాక్టికల్ పరీక్షకు నేర్పి అక్కడితో వదిలేశారు. నాకు జీతం వస్తున్నది వాటివల్లే. బూడిద శాతం, తేమ శాతం, నీటిలో కరిగే భాగం లాంటి చిన్న పరీక్షలు ఏ చిన్న కాలేజీలోనైనా చేయొచ్చు.

కొలవడం కూడా పరిశోధనే. ఉసిరికాయ 100 గ్రాముల్లో 600 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుందని పాత పట్టికలు చెప్పేవి, మనం కూడా అలాగే చదువుకున్నాం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన కొత్త పట్టికలో అది సుమారు 250 మాత్రమే. పద్ధతి మారితే అంకె సగానికన్నా కిందికి వచ్చింది. ఉసిరి చెడ్డదైపోయిందా? లేదు. ఇంకా మంచి వనరే. కానీ ఆ అంకె మీద ఆధారపడి ఎన్ని డబ్బాల మీద ఏమేం అచ్చయ్యాయో ఊహించుకోండి. మన పెరటి ఉసిరి, కొండ ఉసిరి, ఎండబెట్టిన ముక్కలు, ఉప్పులో ఊరేసినవి, ఏడాది నిల్వ ఉన్న పొడి వీటన్నిటిలో ఏది ఎంత మిగులుతుందో చేసి చూపిస్తే అది ప్రతి ఇంటికీ పనికొచ్చే సంగతి.

మాస్టర్లూ, ఇంకో సంగతి కాస్త కటువుగా చెప్పాలి. మొక్క ఎక్కడ దొరికిందన్న చోట "నల్లమల నుంచి సేకరించాం, స్థానికుల నుంచి సమాచారం తీసుకున్నాం" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ స్థానికులు ఎవరు? చెంచు పెద్ద ఎవరో గడ్డ తవ్వి చూపించి, దేనికి ఎప్పుడు ఎంత వాడాలో చెప్పి ఉంటాడు. థీసిస్‌లో గైడ్ పేరుంటుంది, ల్యాబ్ అసిస్టెంట్‌కి కృతజ్ఞతలుంటాయి, ఆయన ఊసు ఉండదు. జీవవైవిధ్య చట్టం 2002లోనే వచ్చింది, ఊరూరా ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఉండాలంది. కేరళలో కాణి గిరిజనులు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్క నుంచి తయారుచేసిన మందు లైసెన్సు డబ్బులో సగం వాళ్లకే ఇవ్వాలని 1990ల్లోనే అక్కడి పరిశోధన సంస్థ నిర్ణయించింది. లోపాలు లేవని కాదు, కనీసం దారి వేసింది. మనం ఆ దారిన ఎందుకు పోలేదు?

ఆ గడ్డల సంగతే తీసుకోండి. మారేడు గడ్డలు, షర్బత్ కోసం తవ్వే ఆ సుగంధపు వేర్లు, నల్లమలలోనూ శేషాచలంలోనూ రాను రాను తగ్గిపోతున్నాయి. వాటికి యాంటీఆక్సిడెంట్ గుణముందని మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐ వాళ్లు ఎప్పుడో చక్కగా రాశారు. మళ్లీ మనం అదే చెప్పడానికి గడ్డ తవ్వితే తీగ చస్తుంది. సువాసన ఇచ్చే పదార్థం ఏ వయసు వేరులో ఎంత ఉంటుంది, మొత్తం పీకకుండా కొన్ని వేర్లే తీసి మిగతావి మట్టి కప్పితే తీగ బతుకుతుందా, పొలం గట్టున పెంచినదాంట్లో వాసన తగ్గుతుందా? గిరిజన సహకార సంస్థకు అమ్ముకునేవాళ్లకి ఈ జవాబులు డబ్బు.

ఇక ప్రెస్‌నోట్లు. "క్యాన్సర్‌కు మన ఆకులో మందు: యూనివర్సిటీ పరిశోధన" అని హెడ్డింగ్ వస్తుంది. లోపల ఉన్నది డీపీపీహెచ్. కంపెనీ ఆ మాట ప్రకటనగా వేస్తే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం, నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితా దానికి ఉంది, షుగర్, క్యాన్సర్ రెండూ అందులో ఉన్నాయి. మీరు అంటే వార్త. ఆ కటింగ్ వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఎవరో ఒక పెద్దాయన కీమో మానేసి ఆకు నూరుకునేదాకా పోతుంది. విలేకరి అతి చేశాడని తప్పించుకోకండి. థీసిస్ చివరి పేజీలో "క్యాన్సర్, గుండెజబ్బు, మధుమేహాల చికిత్సలో ఉపయోగపడగలదు" అని రాసింది మన వాళ్లే, విలేకరి దాన్నే కొంచెం పెద్ద అక్షరాల్లో వేశాడు.

పేపర్లు కావాలి కదా అంటారు. పీహెచ్‌డీకి ముందు పేపర్ ప్రచురించి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022లోనే ఎత్తేసింది. డబ్బు కడితే వారంలో అచ్చేసే జర్నల్‌కి పంపాలన్న తొందర యూజీసీ వైపు నుంచి ఇప్పుడు లేదు. ప్రమోషన్ల లెక్కలు వేరే ఉన్నాయని ఒప్పుకుంటాను, దాని గురించి నేను మాట్లాడితే నాకే నవ్వొస్తుంది. కానీ జిల్లా మార్కెట్ సర్వే చేసి, పది కొట్ల తిప్పతీగలో ఎన్ని కల్తీవో ఫోటోలతో సహా చూపిస్తే మంచి జర్నల్ కాదనదు. ఏ కల్తీ లేదని తేలినా అచ్చు వేయించండి, అది కూడా మాకు కావాల్సిన కబురే.

ఉత్తుత్తి సలహాలిచ్చి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. మా ల్యాబ్‌లో తిరస్కరించిన సరుకు నుంచి శాంపిల్స్ పక్కన పెడతాం. సరఫరాదారు వివరాలు తీసేసి వాటిని కాలేజీలకు ఇవ్వడానికి మా పై అధికారులు ఒప్పుకున్నారు. అసలైన అశోక బెరడు, నరమామిడి బెరడు పక్కపక్కన, రెండు మూడు రకాల నేల ఉసిరి, బుడిపెల తీగ, బుడిపెలు లేని తీగ, పొడులు, స్లైడ్లు సిద్ధంగా ఉన్నాయి. ఏ మూలికల కంపెనీని అడిగినా ఇలాంటి మూట ఒకటి బీరువాలో ఉంటుంది, మీ ఊరికి దగ్గర్లో ఉన్న కంపెనీని అడగండి, ఇవ్వకపోతే మళ్లీ అడగండి. పిల్లల్ని వారం రోజులు మా దగ్గర కూర్చోబెట్టడానికి కూడా నేను సిద్ధం. వచ్చేటప్పుడు వాళ్ల ఊరి కొట్లో కొన్న తిప్పతీగ పొడి వంద గ్రాములు, కొన్న తేదీ రాసిన కవరులో పెట్టి తెమ్మనండి. బిల్లు ఇస్తే బిల్లు కూడా.

మీ విధేయురాలు,
మూలికల క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పనిచేసే మీ పాత విద్యార్థిని